మూత దరువు

కడ్డీలు ఆపేసి మూడు రోజులైంది. దరువు మాత్రం ఆగలేదు.

మా నాయన చెంచురామయ్య ఫోనులో ఈ మాట చెప్పినప్పుడు నేను ప్రయోగశాలలో టీ తాగుతున్నాను. "నీ చెవుల్లో గుయ్యిమంటా ఉంటాదిలే నాయనా, రెండేళ్ళుగా వింటండావు గదా" అని తేలిగ్గా కొట్టిపారేశాను.  "నా చెవుల్ని నమ్మే గదమ్మా నువ్వు డాక్టరు పట్టా తెచ్చుకునింది" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

చెంప మీద కొట్టినట్టయింది. టీ అక్కడే వదిలేసి, నేలలో గుచ్చి వినే సూదుల పెట్టె చంకన పెట్టుకుని మా ఊరు కొండ్రాజుపాడు బస్సెక్కాను.

ఆ దరువు సంగతి ముందు చెప్పాలి. మేం యానాదులం. నెల్లూరు మెట్టలో ఎలకల్ని పట్టడం, పుట్టల దగ్గర ఉసిళ్ళు పట్టడం మావాళ్ళకు పుట్టుకతో వచ్చిన పని. వాన పడ్డాక రెక్కలొచ్చిన చెదలు గుంపుగా ఎగరడానికి బయటికొస్తాయి చూడండి, అవే ఉసిళ్ళు. వేయించుకుని తింటే ఆ రుచే వేరు. వాన రాకముందే వాటిని పైకి రప్పించడం మా నాయనకు తెలుసు. పుట్ట పక్కన దుత్త అనే చిన్న కుండను బోర్లించి, రెండు పుల్లలతో చినుకులు పడ్డట్టు దరువు వేస్తాడు. లోపలున్న పని చెదలు వానే వచ్చిందనుకుంటాయి. ఉసిళ్ళు ఎగరాలంటే దారులు తెరవాలి కదా, అందుకని ఎక్కడో అడుగు నుంచి తడి మన్ను నోట కరుచుకుని పైకి తెస్తాయి.

నా బుర్రలో మెరిసింది ఆ తడి మన్నే. వరసగా నాలుగేళ్ళు వానల్లేవు. బోర్లు ఎండిపోయాయి. అరవై అడుగుల లోతున మిగిలిన చెమ్మను ఏ మోటారూ తోడలేదు గానీ చెదలు తోడగలవు. నాయన దరువు రికార్డు చేసి, ఎండతో నడుస్తూ నేలను తట్టే ఇనప కడ్డీల్లో పెట్టాం. పాతకాలం ఆడవాళ్ళు చేసినట్టే కొర్ర, సజ్జ, కంది విత్తనాలకు పుట్టమన్నూ బూడిదా పట్టించి చల్లాం. ఆ వాసనకు చెదలు నేరుగా విత్తనం కిందికే తడి తెచ్చేవి. దరువు వింటున్నంతసేపూ అవి వేళ్ళు కొరకవు, పనే పని. మొదటి ఏడాది ఒక్క చినుకు లేకుండా ఆరు వందల ఎకరాల్లో కొర్ర నడుమెత్తు పెరిగింది. డాక్టర్ పెంచలమ్మ అని నా ఫొటో పేపర్లో వేశారు. నాయన ఫొటో వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని నేనూ అడగలేదు.

రెండో పంట కంకి మీదుండగా మాలకొండారెడ్డి గారి చేలో ట్రాక్టరు చక్రం నడుం లోతు దిగబడింది. ఎందుకైనా మంచిదని కడ్డీలన్నీ ఆపించాం. అది జరిగిన మూడో రోజే నాయన ఫోను.

బస్సు దిగి, మా గిరిజన కాలనీ పక్కనే సూది గుచ్చి చెవులకు తగిలించుకున్నాను. నాయన నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.

వినిపించింది. టప్ టప, టప్ టప, టపటపటప. మా నాయన దరువే, ఆయన చెయ్యే. పైన కడ్డీలు చచ్చి పడున్నాయి. చప్పుడు కింద నుంచి వస్తోంది.

కాపలా చెదలకు పెద్ద తలకాయలుంటాయి. బెదిరితే వాటిని గోడకేసి కొట్టుకుంటాయి, ఆ సంగతి నాకు తెలుసు. కానీ రెండేళ్ళపాటు విని విని అవి మా దరువు నేర్చేసుకున్నాయి. ఒక పుట్ట కొడితే పక్క పుట్ట అందుకుంటోంది. ఆరు వందల ఎకరాల కింద కోట్లకొద్దీ తలకాయలు, రాని వాన కోసం ఒకదాన్నొకటి తరుముకుంటూ మన్ను మోస్తున్నాయి. 

నేలలోపల ఏముందో బొమ్మ గీసే యంత్రాన్ని కాలనీ వీధిలో అటూ ఇటూ లాగాను. తెరమీద గట్టి నేల ఎర్రగా, ఖాళీ నల్లగా పడాలి. వీధి పొడుగునా నలుపే. ముప్పై రెండిళ్ళ కింద, పదకొండు అడుగుల లోతున, బడి గదంత ఎత్తున ఖాళీ.

"ఏమ్మా, మాట్టాడవేంది?" అన్నాడు నాయన.

"ఏంలేదు నాయనా. ఈశ్వరమ్మ యాడుండాది?"

ఈశ్వరమ్మ నా చెల్లెలు. వాళ్ళింటి ముందు రోట్లో కొర్రలు వేసి, రోకలి పక్కన పెట్టుకుని ఊరికే కూర్చుంది. నన్ను చూసి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "అక్కా, ఒక్క పోటేస్తా, ఇను" అని రోకలెత్తి ఒక్క దెబ్బ వేసింది. దెబ్బకి కింద నుంచి ఖాళీ కుండలోంచి వచ్చినట్టు బదులొచ్చింది. గోడకున్న పళ్ళెం గణగణలాడింది. "వారం నుంచి ఇట్టనే. కాలనీలో ఎవురూ దంచడంలేదు. పిలకాయల్ని ఎగరబాకండ్రా అని తిడతండాం. నడిచేదానిక్కూడా బయ్యంగా ఉండాదక్కా" అంది.

నాకూ భయమేసింది. నా చెల్లెలు, మా నాయన, నన్ను ఎత్తుకుని పెంచిన వాళ్ళంతా ఒక పల్చటి పెంకు మీద పొయ్యి రాజేసుకుని బతుకుతున్నారు. ఆ పెంకును నేనే తయారు చేశాను.

నాయనను పక్కకు పిలిచాను. "ఉసిళ్ళు పట్టినాక నువ్వేం చేస్తావు? పుట్టను అట్టనే వదిలేసి వస్తావా?"

"ఎందుకొదులుతా? మూత దరువేస్తాం గదా."

"మూత దరువా?"

"పిలిచినోళ్ళం పొమ్మని చెప్పాల్నా లేదా? మూత దరువింటే అవి తెచ్చిన మన్నంతా కిందకి మోసుకోని పొయ్యి, దార్లు పూడ్చుకుంటాయి. లేకపోతే పుట్ట డొల్లయి కూలిపోతాది."

 "మరి రికార్డు చేసేటప్పుడు అదెందుకు వాయించలా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆపొద్దు మనం ఉసిళ్ళు పట్టినామా? పట్టకుండా మూత దరువు యెట్టా యేస్తానమ్మా? తప్పు గదా!"

మావాళ్ళ లెక్క అది. ఏ.సి. గదిలో మైకు ముందు దుత్త బోర్లించి పిలుపు దరువు వేశాడు. ఉసిళ్ళు రాలేదు, పట్టలేదు, కాబట్టి మూత వెయ్యలేదు. ఆయన తప్పేముంది? చిన్నప్పుడు ప్రతి వానాకాలం ఆయన వెంట పుట్టల దగ్గరికి వెళ్ళిన దాన్ని నేను. బుట్ట నిండగానే ఇంటికి పరిగెత్తేదాన్ని, పెనం మీద మొదటి పిడికెడు నాకే కావాలని. ఆయన వెనక ఉండిపోయి ఏం చేస్తున్నాడో ఒక్కరోజూ ఆగి చూడలేదు. ఇంత చదువు చదివి, ఆ తరవాత ఏంటి నాయనా అని అడిగిన పాపాన పోలేదు.

సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద రైతులంతా కూర్చున్నారు. మా ప్రయోగశాల డైరెక్టరు కేదారనాథ్ గారు ఫోనులో ఉన్నారు. నేను దాపరికం లేకుండా చెప్పాను: అన్ని కడ్డీలకూ ఒకేసారి మూత దరువు పెట్టాలి, ఇవాళే. చెదలు తడి మన్ను కిందికి తీసుకెళ్ళిపోతాయి కాబట్టి పంట ఎండిపోతుంది.

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. మాలకొండారెడ్డి గారు తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద కమతం ఆయనదే. మొట్టమొదట నన్ను నమ్మి కడ్డీలు పాతించుకున్నదీ ఆయనే. "తల్లీ, కంకి పాలు పోసుకునుండాది. పది రోజులాగితే కోతకొస్తాది. నాలుగేళ్ళ నుంచి తిండిగింజల కోసం లారీల ఎంట పరిగెత్తతండాం. పది రోజులు. నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు.

ఆయన భార్య ఆదెమ్మ గారు స్తంభం దగ్గర నిలబడి ఉంది. "కాలనీ వాళ్ళని ఆ పదిదినాలూ గుట్ట మీద ఉంచుదాం. గుట్ట రాయే గదా, కూలదు. నేనే వండి పంపిస్తా, పిలకాయలకి పాలు కూడా" అంది. ఆమె చెయ్యి పెద్దదని ఊరందరికీ తెలుసు.

"పెంచలా, పది రోజులే కదమ్మా. దేశమంతా ఈ పంట వైపే చూస్తోంది" అన్నారు కేదారనాథ్ గారు. నేను మావాళ్ళ వైపు చూశాను. వాళ్ళూ ఆ చేలల్లోనే కోత కోయాలి, ఆ గింజలే తినాలి. ఈశ్వరమ్మే అంది, "పది రోజులే గదక్కా, ఓర్చుకుంటాంలే" అని. నేను సరేనన్నాను. నన్ను నేను ఇవాళ్టికీ తిట్టుకుంటున్నాను.

మర్నాడు తెల్లారేసరికి అందరూ గుట్టెక్కారు. ఆదెమ్మ గారు అన్నట్టే గంపలతో అన్నం, బిందెలతో పాలు పంపింది. కానీ పొద్దెక్కేసరికి రాయి పెనమైంది. నలభై ఆరు డిగ్రీలు. నీడకు కట్టిన చీరలు గాలికి చిరిగాయి. రెండో రోజు మధ్యాహ్నం మూడు నెలల పసిబిడ్డకు ఫిట్స్ వచ్చాయి. తల్లి బిడ్డనెత్తుకుని ఏడుస్తూ కిందికి పరిగెత్తింది. ఆమె వెనక ఒక్కొక్కరే దిగిపోయారు. ఆగమని అడ్డం నిలబడితే ఒక ముసలామె నన్ను తోసేసి, "యాడైనా చచ్చేదే గదమ్మా, నీడలో చస్తాం" అంది.

నాయన ఇంటి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేనూ ఆనించాను. గోడ సన్నగా అదురుతోంది. అరచేతికి తెలుస్తోంది, దరువుతో సహా.

అప్పుడు పుట్టింది నాకు ఆ బుద్ధి. కాలనీ పెరళ్ళలో ఇరవై రెండు కడ్డీలున్నాయి. వాటికి మాత్రం మూత దరువు పెడితే? చేలు చేలలాగే ఉంటాయి, మా ఇళ్ళ కింద మాత్రం గట్టిపడుతుంది. ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నాయనతో అంటే ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. "ఒక్క పుట్టకే యెయ్యకూడదమ్మా. ఏస్తే చుట్టూ ఉండేవాటన్నింటికీ యెయ్యాల. ఇది కిందకి మొయ్యడానికి మన్ను కావాలంటే పక్కదాన్నించి లాక్కుంటాది. ఆ నడమ నేల నిలవదు."

"నడమ ఏముండాది నాయనా? చేలే గదా."

"రెడ్డి గొడ్లకొట్టం ఉండాది."

"అంత దూరం రాదులే. ఈడ ముప్పై రెండిళ్ళుండాయి. నీ మనవలు కూడా ఈడే ఉండారు."

ఆ మాటకి ఆయన లోపలికెళ్ళాడు. దుత్త తెచ్చి బోర్లించాడు. జీవితంలో మొదటిసారి, ఏమీ పట్టకుండా మూత దరువు వేశాడు. నెమ్మదిగా, ఒక్కో దెబ్బకూ మధ్య చాలా ఎడం పెట్టి. అది వింటుంటే ఎవరో పెద్దాయన ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోతున్నట్టుంది. ఆయన కళ్ళెంబడి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. రికార్డు చేసి, పట్టపగలే, నా చేతులతోనే ఇరవై రెండు కడ్డీల్లోకీ ఎక్కించాను. కేదారనాథ్ గారికీ చెప్పలేదు, మాలకొండారెడ్డి గారికీ చెప్పలేదు.

మూడు రోజుల్లో తెరమీద కాలనీ కింద నలుపు ఎర్రబడింది. ఈశ్వరమ్మ రోకలేస్తే నేల గట్టిగా పలికింది. ఆడవాళ్ళంతా బయటికొచ్చి పోటీలు పడి దంచారు. ఆ చప్పుడు వింటూ నేను పిచ్చిదాన్లా నవ్వాను.

నాలుగో రోజు పొద్దున ఏడింటికి మాలకొండారెడ్డి గారి గొడ్లకొట్టం దిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. ధుమ్మని ఒక్కసారి, ఆపైన దుమ్ము. మేం పరిగెత్తి వెళ్ళేసరికి కొట్టం ఉన్నచోట ముప్పై అడుగుల గొయ్యి. గొయ్యి అంచులు ఇంకా రాలుతున్నాయి, ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. అడుగున రెండు గేదెలు, వాటితోపాటు ఆదెమ్మ గారు. కాలనీ పిల్లల కోసం పాలు పితుకుతోంది ఆవిడ. ఎవరూ ఆమెకు మానెయ్యమని చెప్పలేదు, గుట్ట దిగిపోయినా ఆ పిల్లలకు పాలు పంపుతూనే ఉంది.

గొయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నేను చూశాను. మా ఇరవై రెండు కడ్డీలకూ ఆయన కడ్డీలకూ సరిగ్గా మధ్యన.

ఆదెమ్మ గారు పోయిన మూడో రోజు మాలకొండారెడ్డి గారు మా ఇంటికొచ్చాడు. ఆయన కాలనీలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. నాయన మంచం వాల్చాడు. ఆయన మంచం మీద కూర్చోలేదు, నేల మీదే చతికిలబడ్డాడు.

"నేనే చంపుకున్నా చెంచురామయ్యా. పదిరోజులని నోరిడిచి అడిగింది నేనే గదా. నీ కూతురు ఆ పొద్దే చెప్పింది, ఇవాళే ఆపాలని. ఇనలా. గింజలకాశపడి ఆదెమ్మను నేనే పూడ్చిపెట్టుకున్నా" అని రెండు చేతులతో తల బాదుకున్నాడు.

నాయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

ఆయన కాసేపటికి మొహం తుడుచుకుని, "డైరెక్టరు గారితో మాట్టాడినా. ఎవురి చేను కోసుకుంటే వాళ్ళు వాళ్ళ కడ్డీలకి మూత దరువు పెట్టేస్తారు. రేప్పొద్దున నాదే ముందు. ఆమె పేరున. నువ్వే దగ్గరుండి పెట్టాల తల్లీ" అన్నాడు.

 ఒక్కో చేనూ ఒక్కో రోజు. ప్రతి గట్టు మీదా ఒక గొయ్యి. గట్ల మీద కోత కూలీలుంటారు, సద్దిమూటలు పెట్టుకుని పిల్లలుంటారు.

పక్కన నిలబడ్డ ఈశ్వరమ్మ నా మణికట్టు పట్టుకుని పిసికింది. గోళ్ళు దిగేలా. చెవిలో, "చెప్పబాకక్కా. ఇంకేదన్నా సాకు చెప్పి ఆపు. మనం ఈడ బతకాల" అంది.  నిజమే. నేను బస్సెక్కి పోగలను. ఇంటి పట్టా తప్ప ఇంకేమీ లేని ముప్పై రెండు కుటుంబాలు ఎక్కడికి పోతాయి? రెడ్డి భార్యను యానాదులు చంపారంటే ఊరు ఊరుకుంటుందా? ఏదైనా సాకు చెబుదామని నోరు తెరిచాను. సగం చెబితే ఏమవుతుందో ఆ గొయ్యి చూశాక తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"రెడ్డిగారూ, పది రోజులు ఆగినందువల్ల కాదు. మా ఇళ్ళ కింద మాత్రం నేను మూత దరువు పెట్టాను. మీకు చెప్పకుండా. ఆ మన్ను మీ కొట్టం కింద నుంచి వచ్చింది. అన్నింటికీ ఒకేసారి పెట్టాలి, లేకపోతే ఇంకా పోతారు."

ఈశ్వరమ్మ చెయ్యి వదిలేసింది. వీధిలో ఎవరో పసిబిడ్డ ఏడుపు నోరు మూసి ఆపారు.

 ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు, అదే నాకు భయం. చివరికి లేచి, మడమతో మా వాకిట్లో ఒక్కటి తన్నాడు. నేల గట్టిగా పలికింది. "బాగా గట్టిపడిందే" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

 పావుగంట తరవాత పాలకేంద్రం మైకులో ఆయన గొంతు వినిపించింది. "అందరూ పిల్లల్నీ గొడ్లనీ తోలుకోని గుట్టెక్కండి. కోతల మాటెత్తబాకండి, పంట మీద ఆశ వదులుకోండి. సాయంత్రం అన్ని కడ్డీలకీ ఒకేసారి పెడతండాం. నా చేలో కంకి కూడా ఎండాల్సిందే." ఎందుకని ఎవరో అడిగారు. ఆయన చెప్పలేదు. నా పేరు ఎత్తలేదు.

ఐదు గంటలకు మూత దరువు ఆరు వందల ఎకరాల మీదా ఒక్కసారే మొదలైంది. రెండు గంటల తరవాత సూదిలో వింటే కింద నిశ్శబ్దం. ఐదో రోజుకి చేలు తెల్లబడ్డాయి. కంకుల్లో సగం తాలే. తిండిగింజల లారీల కోసం జనం మళ్ళీ రోడ్డు మీద నిలబడుతున్నారు.

నెలైంది. మాలకొండారెడ్డి గారు రోజూ పొద్దునే గొయ్యి పక్కన వచ్చి కూర్చుంటాడు, మొహం మా కాలనీ వైపు పెట్టి. నాయన చెంబుతో నీళ్ళు తీసుకెళ్తే తాగుతాడు. మాట్లాడడు. తన అన్నదమ్ములకు గానీ ఊరికి గానీ ఇంతవరకూ చెప్పలేదని మాకు తెలుసు. చెప్పుంటే మేమిక్కడ ఉండేవాళ్ళం కాదు.

నిన్న మొదటిసారి చెయ్యూపి నన్ను పిలిచాడు. వెళ్ళాను.

"ఇట్టా అవుతాదని మీ నాయనకి ముందే తెలుసునా?" అని అడిగాడు.

వెనక్కి తిరిగి చూశాను. వాకిళ్ళన్నిటిలోనూ మావాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు. తెలియదని ఒక్క మాట అంటే నాయన ఈ గండం నుంచి బయటపడతాడు. కానీ ఆ మనిషి మొహం చూస్తూ ఇంకో అబద్ధం నా నోట రాలేదు.

"తెలుసు. చెప్పినాడు. నేనే ఇనలా" అన్నాను.

ఆయన తల ఊపాడు. పంచె దులుపుకుని లేచి, వాళ్ళింటికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఈశ్వరమ్మ నిన్న సాయంత్రమే బట్టలూ ఇంటి పట్టా మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. చాలా ఇళ్ళలో మూటలు కట్టుకున్నారు. ఎవరమూ ఇంకా కదల్లేదు. అవతల ఆయనింటి తలుపు చప్పుడైనప్పుడల్లా ముప్పై రెండిళ్ళలో మాటలు ఆగిపోతున్నాయి.